వైరస్ కనబడదు, సీడీ4 పెరగదు

బరంపురంలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ లైన్లో కొందరు సీడీ4 అంకెను, అంటే రక్తంలో రోగాలతో పోరాడే కణాల లెక్కను, పరీక్షల మార్కుల్లా చెప్పుకుంటారు. మొన్న ఇచ్ఛాపురం కుర్రాడొకడు, "నాది ఆరొందలు దాటింది. నీదెంత మావయ్యా?" అన్నాడు. నాది 287. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ రిపోర్టులో మాత్రం 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్', అంటే వైరస్ కనబడలేదు అనే వస్తోంది. అదీ చెప్పాను. అయినా పాపం అన్నట్టు చూశాడు. నాకు చిరాకేసింది.

వైరల్ లోడ్ చెప్పేది మందు పని చేస్తోందా లేదా అని. సీడీ4 చెప్పేది వేరు: మందు మొదలెట్టకముందు ఒంట్లో ఎంత నష్టం జరిగింది, అందులో ఎంత పూడింది అని. ఆ కుర్రాడికి పాజిటివ్ అని తెలిసిన వారంలోనే మందు ఇచ్చేశారు. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా ఇస్తున్నారు కదా. నేను మొదలెట్టినప్పుడు నా వయసు యాభై దాటింది, సీడీ4 46.

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసే పని నాది. దగ్గొస్తే కొమ్ము దుమ్మే అనుకున్నాం. తీరా చూస్తే టీబీ, దాని వెనక హెచ్‌ఐవీ. ముందు టీబీ మందులు, కొన్ని వారాలకు ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందు. అది మొదలెట్టిన కొద్ది రోజులకే మెడ మీద గడ్డలు లేచి జ్వరం పట్టుకుంది. మందు పడలేదు, ఆపేయమని మా ఆవిడ గోల. డాక్టరుగారు నవ్వేశారు. అన్నాళ్ళూ టీబీ క్రిములున్నా ఒంటికి పోట్లాడే ఓపిక లేదట, ఇప్పుడు ఆ ఓపిక వచ్చింది కాబట్టే వాపట. రెండు మందులూ ఆపొద్దన్నారు. వాపు తగ్గడానికి వేరే బిళ్ళలిచ్చారు.

మొదట్లో అంకె చకచకా పెరిగింది. లింఫు గ్రంథుల్లో చిక్కుకుపోయిన కణాలు తిరిగి రక్తంలోకి వస్తాయి కాబట్టి అలా పెరుగుతుందట. ఆ తర్వాత కొత్తవి తయారవ్వాలి. వాటికి రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి కావాలి, అది వయసుతో కుంచించుకుపోతుంది. ఏళ్ళ తరబడి వైరస్ ఉండిపోతే లింఫు గ్రంథులూ, పేగు లోపలి పొరా కూడా దెబ్బతింటాయి. వైరస్ అణిగినా అంకె లేవనివాళ్ళు నాలాగా చాలామందే ఉన్నారు.

మా బావమరిది రక్తం పడుతుందని టానిక్కులు తెస్తాడు. కౌన్సిలర్ మేడమ్ ఒడియాలో తేల్చి చెప్పేసింది, సీడీ4 పెంచే టానిక్ ఏదీ లేదని. పైగా వాటిలో ఐరన్, కాల్షియం ఉంటే, పరగడుపున కలిపి వేసుకుంటే మా హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు.

సీడీ4 350 దాటి నిలబడేదాకా, వేరే జబ్బులు అంటకుండా ఇచ్చే సెప్ట్రాన్ బిళ్ళ మానొద్దన్నారు. వైరస్ ఇలా కనబడకుండా ఉన్నంతకాలం మా ఆవిడకు నా నుంచి అంటదు, సీడీ4 తక్కువున్నా సరే. ఆ మాట విన్నాక ఇంట్లో సగం టెన్షన్ పోయింది. ఇప్పుడు కొమ్ము రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాను. రెండు వారాలు దగ్గు ఆగకపోతే మాత్రం దుమ్మని సరిపెట్టుకోను, కళ్ళె పరీక్షకు వెళ్ళిపోతాను.