ఎనిమిది సెకన్లకు ముందు నడిచిన కథ

అమెరికన్ సైక్లిస్టు గ్రెగ్ లెమాండ్ పేరెత్తగానే సైక్లింగ్ అభిమానులు ఎనిమిది సెకన్ల గురించే మాట్లాడతారు. ఫ్రాన్స్‌లో ఏటా జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో, 1989లో మూడు వారాలపాటు సుమారు 3,285 కిలోమీటర్లు తొక్కాక ఆయనకూ ఫ్రెంచ్ రైడర్ లోరాన్ ఫిన్యోన్‌కూ మధ్య మిగిలిన తేడా అంతే. పురుషుల టూర్‌లో ఇంతకన్నా తక్కువ తేడాతో ఎవరూ గెలవలేదు. నాకు మాత్రం ఆ గెలుపుకన్నా, దానికి ముందు ఆయనకు చేజారిపోయిన సంవత్సరాలే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తాయి.

రోడ్ రేసింగ్ పైకి ఒంటరి పోరులా కనిపించినా, నిజానికి అది ఒక నాయకుడి కోసం మిగతావారు గాలిని చీల్చుకుంటూ సాగే జట్టు ఆట. 1985లో లెమాండ్ కూడా ఉన్న లా వీ క్లేర్ జట్టుకు బెర్నార్ ఇనో నాయకుడు. ఆయన కిందపడి ముక్కు విరగ్గొట్టుకుని పిరెనీస్ కొండల్లో వెనకబడిన రోజున, ముందున్న లెమాండ్‌ను వేగం పెంచవద్దని జట్టు ఆదేశించింది. లెమాండ్ ఆ మాటకు కట్టుబడ్డాడు. ఇనో అయిదోసారి టూర్ గెలిచాడు, లెమాండ్ 1 నిమిషం 42 సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది నీకు నేను సాయపడతానన్న ఇనో, తీరా 1986 రేసు మొదలయ్యాక కొండల్లో తానే దాడికి దిగాడు. అయినా ఆ ఏడాది విజేతకు దక్కే పసుపు జెర్సీ లెమాండ్‌దే అయింది. ఆల్ప్ దుయెజ్ శిఖరం మీద ఇద్దరూ చేయి చేయి కలిపి గీత దాటిన ఛాయాచిత్రం ప్రసిద్ధమే కానీ, దాన్ని స్నేహానికి నిదర్శనంగా చూపడం నాకు మింగుడుపడదు.

1987 ఏప్రిల్ 20న కాలిఫోర్నియాలో టర్కీ కోళ్ల వేటకు వెళ్లినప్పుడు, పొదల చాటున ఉన్న లెమాండ్‌పై దగ్గరి బంధువే పొరపాటున తుపాకీ పేల్చాడు. సీసపు గుళ్లు పదులకొద్దీ ఒంట్లో దిగబడ్డాయి. ప్రాణం దక్కింది కానీ, గుండె పొరలో ఉన్నవాటితో సహా కొన్ని గుళ్లు శరీరంలోనే ఉండిపోయాయి. తర్వాతి రెండు టూర్‌లలో ఆయన పాల్గొననే లేదు. 1989లో ఏడీఆర్ అనే బలహీనమైన బెల్జియన్ జట్టు తరఫున తిరిగొచ్చినప్పుడు, ఆయన గెలుస్తాడని అనుకున్నవారు బహు తక్కువ.

వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల చివరి టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరూ విడిగా బయల్దేరి సమయంతో పోటీపడే రేసు) మొదలయ్యేసరికి ఫిన్యోన్ 50 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. లెమాండ్ గాలి తక్కువ తగిలేలా మోచేతులు దగ్గరగా ఆనించి ముందుకు వంగేందుకు వీలిచ్చే, ట్రయథ్లాన్ (ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన పోటీ) నుంచి వచ్చిన కొత్త రకం హ్యాండిల్‌నూ, వెనక కొస తేలిన హెల్మెట్‌నూ ఎంచుకున్నాడు. ఫిన్యోన్ మామూలు హ్యాండిల్ పట్టుకుని, పిలక గాలికి ఎగురుతుండగా హెల్మెట్ లేకుండానే బయల్దేరాడు. పైగా సీటు ఒరుసుకుని ఏర్పడిన పుండుతో ఆయన సరిగా కూర్చోలేకపోతున్నాడు. మధ్యలో సమయాలేవీ తనకు చెప్పవద్దని జట్టు కారులోనివారిని ముందే కోరిన లెమాండ్, గంటకు 54.5 కిలోమీటర్ల సగటు వేగంతో 26 నిమిషాల 57 సెకన్లలో పూర్తిచేశాడు. ఫిన్యోన్‌కు మరో 58 సెకన్లు పట్టింది. హ్యాండిలే గెలిపించిందనే వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ హ్యాండిల్‌ను వాడకుండా ఫిన్యోన్‌ను ఆపినవారెవరూ లేరు. పైగా కొన్ని వారాలకే షాంబెరీలో వాన తడిసిన రోడ్లపై, ఆ హ్యాండిల్ ఊసే లేని ప్రపంచ ఛాంపియన్‌షిప్‌నూ లెమాండే గెలిచాడు.

1990లో ఒక్క స్టేజీ (ఒక రోజు రేసు) కూడా గెలవకుండానే మూడో టూర్ సాధించిన ఆయన, 1994లో పోటీల నుంచి తప్పుకున్నాడు. ఆ తర్వాత టూర్ గెలిచినట్టు ప్రకటితులైన ఇద్దరు అమెరికన్ల విజయాలూ డోపింగ్ కారణంగా రద్దయ్యాయి కనుక, పురుషుల టూర్ విజేతల పట్టికలో అమెరికా తరఫున ఇప్పటికీ లెమాండ్ పేరొక్కటే ఉంది.