కొండల మీది చిత్తడి నేలలు, మీథేన్ లెక్కలు

విశాఖలో వాతావరణ మార్పు గురించి మాట సాగితే అది తుఫానుల దగ్గరో, ఆర్కే బీచ్ కోత దగ్గరో ఆగిపోతుంది. దాదాపు 4,500 మీటర్ల ఎత్తున, లడఖ్‌లోని త్సో మోరిరి సరస్సు అంచున ఉన్న బురద నేలలు ఏ వాయువును ఎంత వదులుతున్నాయన్నది ఇక్కడ ఎవరికీ పట్టిన విషయం కాదు. అయితే చిత్తడి నేలలు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతాయి కనుక వాటిని కాపాడినా వాతావరణానికి ఒరిగేదేమీ లేదనే వాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. అందులో సగం నిజం ఉంది కాబట్టే దానితో చిక్కు.

ఆ సగం ఇదీ. నీటిలో నానిన మట్టిలోకి ఆక్సిజన్ దాదాపుగా చేరదు. అక్కడ కుళ్ళే ఆకులూ వేళ్ళూ ఆర్కియా అనే సూక్ష్మజీవుల వల్ల చివరకు మీథేన్‌గా మారతాయి. 1776లో శాస్త్రవేత్త వోల్టా ఇటలీలోని మజోరె సరస్సు బురదను కలియబెట్టి సేకరించిన వాయువు ఇదే. మన విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సులో తాటిదోనె నడిపేవారు గెడ వేసి నెట్టినప్పుడు, గెడ దిగిన చోటి నుంచి బుడగలు గుంపుగా పైకి లేచి, తామరాకుల సందున పగలడం గమనించవచ్చు.

ఎత్తైన చోట ఈ కథ కొంత మారుతుంది. చలి వల్ల సూక్ష్మజీవుల పని మందగిస్తుంది కనుక మీథేన్ తగ్గుతుంది. కానీ అదే చలి కుళ్ళడాన్ని కూడా అడ్డుకోవడంతో, సగం కుళ్ళిన మొక్కల పదార్థం ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటూగా పేరుకుంటూ, వేల ఏళ్లలో పీట్ అనే నల్లని మట్టిగా తయారవుతుంది. తుంగ జాతి మొక్కల కాడల్లోని గాలి గదులు అడుగున పుట్టిన మీథేన్‌ను నేరుగా పైకి చేరవేస్తాయి. లేకుంటే దారిలోనే, ఆక్సిజన్ అందే పై పొరలో, దానిని తిని బతికే బాక్టీరియా చాలా భాగాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. అందువల్ల నీటిమట్టం జానెడు దిగినా లెక్క తారుమారవుతుంది.

మరి నీటిని తోడేస్తే సరిపోదా? టిబెట్ పీఠభూమి తూర్పు అంచున, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న జోయిగె చిత్తడి నేలల్లో, పచ్చిక బయళ్ల కోసం గత శతాబ్దంలో కాలువలు తవ్వి నీటిని బయటకు పంపారు. ఇలా ఎండిన పీట్ నుంచి మీథేన్ తగ్గుతుంది గానీ, గాలి తగిలిన పాత కార్బన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. నత్రజని ఎక్కువగా ఉన్న చోట నైట్రస్ ఆక్సైడ్ కూడా తోడవుతుంది. నూరేళ్ల లెక్కలో వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 27 రెట్లయితే, నైట్రస్ ఆక్సైడ్‌ది 273 రెట్లు. పైగా మీథేన్ గాలిలో పుష్కరకాలం నిలిస్తే, కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం శతాబ్దాలు దాటినా పోదు. వేల ఏళ్ల నిల్వను పోగొట్టుకుని ఆ పుష్కరకాలపు వాయువును ఆపడం నా దృష్టిలో దండగమారి బేరం.

ఎండిన నేలకు మళ్ళీ నీరు పెడితే మొదటి కొన్నేళ్లు మీథేన్ పెరగవచ్చని ఒప్పుకోవాలి. నీటిని నేల పైన నిలవనీయకుండా, ఉపరితలానికి కొద్దిగా కిందనే ఉంచగలిగితే ఆ పెరుగుదల చాలా వరకు అదుపులో ఉంటుంది.

కొలవడం మరో తలనొప్పి. మూత ఉన్న చిన్న పెట్టెను నేలపై బోర్లించి, లోపలి గాలిని కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో తీసి పరీక్షిస్తారు. పెట్టె కిందికి వచ్చేది చదరపు మీటరు కన్నా తక్కువ. పక్కనే నాలుగడుగుల దూరంలో ఎండిన గడ్డిదిబ్బ ఉండవచ్చు. మంచు కరిగే రోజుల్లో చలికాలమంతా అడుగున బిగిసిన వాయువు ఒక్కసారిగా వెలువడవచ్చు. వేసవి పగటిపూట తీసిన కొలతలనే ఏడాది పొడవునా గుణించి చెప్పిన అంకెను నేను నమ్మను.