అడవి కర్ర, చేను కర్ర

నేను నర్సుగా పనిచేసే వృద్ధాశ్రమం ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని లాట్రోబ్ లోయలో ఉంది. ఇక్కడి తాతల్లో కొందరు వయసులో ఉన్నప్పుడు అడవిలో చెట్లు కొట్టి బతికినవారు. ఊరిలో చాలా ఇళ్లకు మేరీవేల్ కాగితపు మిల్లే జీతమిచ్చింది. అడవి కర్ర అందక 2023లో ఆ మిల్లు తెల్ల కాగితం తయారీ ఆపేసింది. 2024 జనవరి 1 నుంచి విక్టోరియా ప్రభుత్వ అడవుల్లో సహజంగా పెరిగిన చెట్లను వ్యాపారానికి కొట్టడమే ఆగిపోయింది. భోజనాల దగ్గర ఇప్పటికీ ఇదే వాదన. "కాగితం వాడటం మానామా? ఇంకో దేశంలో నరికింది కొంటున్నాం, అంతే" అంటాడొక తాత. ఆ కోపంలో న్యాయం ఉంది.

అయినా ఆపడమే సరైనదని నా నమ్మకం. మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు. పొగాకు పండే నేలల్లో మావాళ్లు కాగితపు మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ వేశారు. జామాయిల్ మొదలంటా కొడితే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. నిటారుగా ఉన్న రెండింటిని ఉంచి మిగతావి తీసేస్తే కొన్నేళ్లకు మళ్లీ కోతకొస్తుంది. విక్టోరియా కొండల్లోని మౌంటెన్ ఆష్ చెట్టుది కూడా జామాయిల్ కుటుంబమే. పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది అదే. నేను చూసిన ఒక పాత మోడు మీద మా ఆశ్రమం మంచం వేయవచ్చు. ఆ మోడు మామూలుగా చిగుర్చదు, గింజ మొలవాల్సిందే. మానులో తొర్ర పడటానికి నూరేళ్లు దాటాలి. లెడ్‌బీటర్స్ పాసమ్ అనే చిన్న జంతువు గూడు పెట్టేది ఆ తొర్రల్లోనే. అలాంటి చెట్టుకు కోత లెక్క ఎలా వేస్తారు?

కర్ర చేలో పండాలి. పరిశ్రమలు ముడిసరుకు రైతుల దగ్గర తీసుకోవాలని మన 1988 జాతీయ అటవీ విధానమూ చెప్పింది. మావాళ్లు పండించారు. "మొక్కలు నాటమన్నప్పుడు మిల్లువాళ్లు ఇంటికొచ్చి చెప్పారమ్మా, కర్ర కొట్టాక కాటా దగ్గర మేమే పడిగాపులు పడ్డాం" అంటారు నాన్న. లారీ రాక గట్టున పడి ఉన్న కర్ర ఆరిపోతుంది, రోజురోజుకూ తూకం తగ్గుతుంది. కోత కూలి మాత్రం తగ్గదు.

ఇక్కడ విక్టోరియాలో పని పోయినవారికి ప్రభుత్వం కొంత పరిహారం, కొత్త పనుల్లో శిక్షణ ఇచ్చింది. అది చాలలేదని వాళ్లంటే నమ్ముతాను. అడవి మీద పడాల్సిన గొడ్డలిని తన చేనుకు మళ్లించుకున్న మా రైతుకు మాత్రం నాటిన రోజే టన్ను ధర రాసివ్వాలి, కొట్టిన వారంలోగా కాటా వేయాలి.