బెన్నెట్ గారి మీద కోపం

మా చిన్నమ్మాయి ఆ చెయ్యి సీను వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. 2005 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్', జేన్ ఆస్టెన్ నవలని తీసిన ఇంగ్లీషు సినిమా. డార్సీ ఎలిజబెత్‌ని బండెక్కించి, తిరిగి నడుస్తూ వేళ్లు ఒక్కసారి చాచి వదులుతాడే, అదీ సీను. రీల్స్‌లో చూసిందట. దాని కోసమే సినిమా పెట్టించిందట. బాగుంటుంది, కాదనను. డార్సీగా వేసిన మాథ్యూ మెక్‌ఫాడియన్ మొహంలో ఏమీ బయటపడనివ్వకుండా చేత్తో చెప్పేశాడు. కానీ దానికోసం మిగతా కథంతా పక్కకి తోసేస్తే ఎలా? నవల్లో పాదిరీగారింట్లో గదిలో జరిగే పెళ్లి ప్రస్తావనని తీసుకెళ్లి వానలో తడిపారు, సరే, దాన్నీ క్షమించాను.

నా బాధ ఇల్లు గురించి. ఎలిజబెత్ వాళ్ల నాన్న బెన్నెట్‌కి ఐదుగురూ ఆడపిల్లలే. ఆస్తి మగ వారసుడికే పోవాలని ముందే కట్టుబాటు ఉంది. ఆయన కన్నుమూస్తే ఆ వారసుడైన చుట్టం కాలిన్స్ వచ్చి తల్లీకూతుళ్లని బయటికి పంపొచ్చు. ఇది తెలియకపోతే ఆ తల్లి ఊరికే అరుస్తున్నట్టుంటుంది. వదిన "అబ్బబ్బ, ఈవిడ నోరూ" అంటూనే ఉంది. అప్పటిదాకా మాట్లాడని అమ్మ, "అరవక ఏం చేస్తుందే? ఆయన చూడు, పుస్తకం వదలడు" అంది.

నాకు చటుక్కున తాతయ్య గుర్తొచ్చాడు.

ఆయనా పుస్తకం వదలని మనిషే. వీలునామా రాయకుండా పోయాడు. ఆ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసు వరండా, డాక్యుమెంటు రైటరు బల్ల, అమ్మ పక్కన నేను. మామయ్య కాగితాలు ముందే టైపు చేయించి తెచ్చాడు. అమ్మ వాటిని చదవలేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. ఇంకు అంటిన బొటనవేలిని జుట్టుకి రాసి తుడుచుకుంది. తర్వాత హోటల్లో పూరీలు, ఇంటికెళ్లాక చీర, పసుపు కుంకుమ. అందరూ అమ్మని ఎంత మెచ్చుకున్నారో! "మా అక్క బంగారం" అన్నాడు మామయ్య. బంగారమేమరి, ఎకరాలు వదిలేసింది.

మన రాష్ట్రంలో ఆడపిల్లకి తాతల ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమలైంది. అంతకుముందే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. అమ్మ పెళ్లి అంతకుముందే. అయినా వీలునామా లేని తండ్రి సొంత భాగంలో కూతురికి వాటా 1956 నుంచే ఉంది. అందుకే ఆ సంతకం కావాల్సొచ్చింది. దేశమంతటికీ సమాన వాటా వచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఈ సినిమా ఇంగ్లండ్‌లో విడుదలైంది వారం తర్వాత, 16న. ఈ సంగతి చెప్తే చిన్నది "అమ్మా, పాజ్ చెయ్యనా?" అంది వెటకారంగా.

సినిమాలో బెన్నెట్‌గా వేసిన డొనాల్డ్ సదర్లాండ్ ఎంత ముద్దొస్తాడంటే అందరికీ అలాంటి నాన్నే కావాలనిపిస్తుంది. నవల్లో బెన్నెట్ అంత అమాయకుడేం కాదు. ఏడాదికి 2000 పౌండ్ల రాబడి ఉండీ పైసా వెనకేయలేదు. కొడుకు పుడతాడు, వాడు పెద్దయ్యాక ఇద్దరం కలిసి ఆ కట్టుబాటు తెంచేయొచ్చు అనుకున్నాడు. వరసగా ఐదుగురూ కూతుళ్లే. అయినా కుర్చీలోంచి కదల్లేదు. పెళ్లాం మీద జోకులేయడానికి మాత్రం తీరిక దొరికేది.

ఇలా తిట్టుకుంటూ ఉంటే చివరి సీను వచ్చింది. డార్సీని నిజంగా ప్రేమిస్తున్నానని ఎలిజబెత్ చెప్తుంటే ఆ ముసలాయన కళ్లనిండా నీళ్లతో నవ్వుతాడు. నా ఏడుపు ఆగలేదు. ఊరంతా వద్దంటున్నా అమ్మని ఇంటరు దాకా చదివించింది కూడా ఆ తాతయ్యే కదా. అమ్మకి పుస్తకం పిచ్చి అంటించిందీ ఆయనే. ఆయన మీద కోపం ఉంచుకోవాలా, వద్దా? నాకేమీ తేలలేదు. మామయ్య మీద మాత్రం అలాగే ఉంది.

ఇంగ్లండ్‌లో సినిమా ఆ నవ్వు దగ్గరే అయిపోయిందట. అమెరికావాళ్ల కోసం డార్సీ భవనం పెంబర్లీలో రాత్రిపూట ముద్దు సీనొకటి తగిలించారు. మా టీవీలో వచ్చింది అదే. నాకది అనవసరం అనిపించింది, చిన్నది చప్పట్లు కొట్టింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని వెనకున్న ఆ భవనాన్నే చూస్తోంది.

"అది ఎవరి పేరున ఉందో ముందు కనుక్కోమనవే ఆ పిల్లని."