మూత పెట్టి తీసే ఫోటోలు

రెండు గంటలవుతోంది. పడుకుందామంటే ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫోటోకి ఇంకా దండాలూ చప్పట్లూ పడుతూనే ఉన్నాయి. న్యూజెర్సీలో మా చిన్న ఆడపడుచుకి ఇప్పుడు సాయంత్రం, అప్పుడే చూసినట్టుంది. "వదినా, నిజంగా మన మిద్దె మీద నుంచే తీశావా?" అని అడిగింది. జవాబు రాయబోయి ఆగిపోయాను. అవునంటే అబద్ధమవుతుంది, కాదంటే పిల్లాడి పరువు పోతుంది.

బావగారబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు కదా. మొన్న రాత్రి నేను తీసిన ఒమేగా సెంటారి ఫ్రేముల్లోంచి ఒకటి ఫోన్లోకి ఎక్కించుకుని, ఏదో యాప్‌లో నాయిస్, అంటే ఫోటోలో కనబడే గింజల్ని తీసేయించి, రంగులు దట్టించి, "మా పిన్ని టెలిస్కోపులో తీసింది" అని గ్రూపులో పెట్టేశాడు. నన్ను అడగలేదు. సర్‌ప్రైజ్ అట. వాడి మనసు మంచిదే, అందుకే ఏమీ అనలేక ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ ఫోటోని పెద్దది చేసి చూశాను. ఒమేగా సెంటారి అంటే కోటి దాకా నక్షత్రాలున్న గుంపు, దాదాపు 17 వేల కాంతి సంవత్సరాల దూరం. నా ఆరంగుళాల టెలిస్కోపులో మధ్య భాగం ఎలాగూ విడివిడిగా రాదు, అంచుల్లో మాత్రం చుక్కలు చక్కగా లెక్కపెట్టుకోవచ్చు. యాప్ ఆ మధ్య భాగాన్ని నున్నగా చేసేసింది. దాన్నయినా ఒప్పుకుంటాను. కింద కుడి మూలన నా సెన్సర్‌లో ఒక వేడి పిక్సెల్ ఉంది, ఎప్పుడు తీసినా అక్కడే ఎర్రగా మెరుస్తుంది. యాప్ దాన్ని చుక్క అనుకుంది. దానికి గుండ్రటి ఆకారం ఇచ్చి, చుట్టూ లేత నీలం కాంతి కూడా పెట్టింది. ఆకాశంలో అక్కడ ఏమీ లేదు. దానికి నాలుగు వేళ్ల ఎడంలో నిజంగా ఉన్న సన్న చుక్కల్ని మాత్రం మచ్చలనుకుని తుడిచేసింది. అలా పోయినవాటిలో నేను నెల నుంచి వెంటపడుతున్న చుక్క కూడా ఉంది.

నాకు మండింది అక్కడే.

ఆ చుక్క గురించి ఇంతకుముందు రాశాను. వెలుగు మారే నక్షత్రాల్లో ఆర్ ఆర్ లైరే అనే రకం, సగం రోజుకు అటూ ఇటూగా ఒకసారి దాని వెలుగు పెరిగి తగ్గుతుంది. ఈ గుంపులోనే అలాంటి చుక్కల్ని పరిశీలించి అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త సోలన్ బెయిలీ 1902లో వాటిని ఎ, బి, సి అని రకాలుగా విడగొట్టాడు. ఆయన దగ్గర ఉన్నవి గాజు పలకల ఫోటోలు. నా దగ్గర చల్లబరిచే కెమెరా ఉంది, ఎదురుగా అదే గుంపు, అవే చుక్కలు. 14, 15 మాగ్నిట్యూడ్ల (చుక్కల వెలుగు కొలత, అంకె పెరిగితే మసక) మధ్య కదిలే వెలుగుని మిద్దె మీద నుంచి కొలవొచ్చు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొలవాలంటే కెమెరా మర్యాద కెమెరాకి ఇవ్వాలి. పిల్లాడు వచ్చిన రోజు సాయంత్రం నుంచీ చూస్తూనే ఉన్నాడు. యూఎస్‌బీ తీగ ఒక్కటే పెడితే ఫోటోలొస్తాయి గానీ చల్లదనం రాదు, కూలర్‌కి వేరే 12 వోల్టుల కరెంటు కావాలి. అది ఇన్వర్టర్ లైన్ నుంచే తీసుకుంటాను, మధ్యలో కరెంటు పోతే సెన్సర్ ఒక్కసారిగా వేడెక్కకుండా. సెన్సర్ వెనక పెల్టియర్ పలక ఉంటుంది. కరెంటు పోనిస్తే ఒక పక్క చల్లబడి, రెండో పక్క వేడెక్కే ఆ గుణాన్ని 1834లో కనిపెట్టిన జాన్ పెల్టియర్ అంతకుముందు గడియారాలు చేసుకునే మనిషి. ఆ వేడిని వెనకున్న ఫ్యాను బయటికి తోస్తుంది. నా కెమెరా బయటి గాలి కన్నా 35 డిగ్రీల దాకా కిందికి దిగగలదు. డిసెంబరులో హాయిగా మైనస్ 10 పెడతాను. ఏప్రిల్లో అనంతపురంలో రాత్రి పది దాటినా 30 డిగ్రీలుంటే మైనస్ 10 ఎక్కడిది? పెట్టామే అనుకోండి, కూలర్ నూరు శాతానికి వెళ్లి అక్కడే కొట్టుకుంటుంది. ఉష్ణోగ్రత నిలవదు, ఫ్రేముకో రకంగా ఉంటుంది. అందుకే ఈ నెలలో సున్నా దగ్గర ఆపుతాను. కూలర్ 70, 80 శాతం మధ్య తిరుగుతూ అంకె కదలకుండా ఉంటే నా ప్రాణం కుదుటపడుతుంది. ఎంత చల్లగా ఉందన్నది ఆ తర్వాతి మాట, ముందు నిలకడగా ఉండాలి.

సున్నా అయినా తక్కువేం కాదు. ఆరేడు డిగ్రీలు తగ్గిన కొద్దీ చీకట్లో సెన్సర్ తనంతట తాను పుట్టించుకునే కరెంటు సగమవుతుంది. ముప్ఫై నుంచి సున్నాకి దిగితే ఇరవై రెట్లకు పైగా తగ్గినట్టే.

తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఆ మిగిలినదాన్ని తీసేయడానికే మూత పెట్టి డార్కులు, అంటే నల్ల ఫోటోలు తీసేది. ఆకాశం ఫ్రేములకి వాడిన అదే ఉష్ణోగ్రత, అదే గెయిన్ (కెమెరా సిగ్నల్‌ని పెంచే మోతాదు), అదే అరవై సెకన్లు. "పిన్నీ, మూత పెట్టి ఫోటోలు తీస్తున్నావేంటి?" అన్నాడు. నూనె కొనేటప్పుడు ముందు ఖాళీ డబ్బా తూచి, తర్వాత నూనెతో తూచి, ఇందులోంచి అది తీసేస్తారు చూడు, అదే ఇది అని చెప్పాను. తలూపాడు. తర్వాత లాప్‌టాప్‌లో ఫోల్డర్ చూసి, ఒక్కో ఫైలు 18 ఎంబీ చొప్పున బోలెడు నల్ల ఫోటోలున్నాయి, ఇవన్నీ తీసేస్తే డిస్క్ ఖాళీ అవుతుంది కదా అన్నాడు! తూచిన డబ్బా లెక్క చించి పారేద్దామన్నట్టు. తీసేయలేదులెండి, అడిగాడంతే. అడిగినందుకే నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నల్ల ఫోటోలంటే నాకు అంత పట్టింపు ఎందుకో నాకు తెలుసు. కావలూరు.

ఎమ్మెస్సీ రెండో ఏడు మా సార్ మమ్మల్ని తమిళనాడులో జవ్వాది కొండల్లో ఉన్న ఆ అబ్జర్వేటరీకి తీసుకెళ్లారు. 2.34 మీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు అది, 1986లో దానికి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు పెట్టారు. ఆయన అది పూర్తవడం చూడకుండానే 1982లో పోయారు. చదువుకున్నది హైదరాబాదు నిజాం కాలేజీలో, నాన్నగారు పనిచేసింది నిజామియా అబ్జర్వేటరీలో. సార్ ఆ సంగతి బస్సులో చెప్పినప్పటి నుంచి ఆ కొండ మాకు మనదే అనిపించింది.

మేము వెళ్లేసరికి సాయంత్రం. నైట్ అసిస్టెంట్ ఒకాయన, వయసులో పెద్దాయన, మందపాటి తోలు చేతితొడుగులు వేసుకుని కెమెరాకి ద్రవ నైట్రోజన్ పోస్తున్నారు. మైనస్ 196 డిగ్రీలు. లోహపు గరాటు అంచున క్షణంలో తెల్లటి మంచు పేరుకుంది. కెమెరా మూతి నుంచి పొగలాంటిది కిందికి జారి మా కాళ్ల చుట్టూ పాకింది. ఒలికిన చుక్కలు సిమెంటు నేల మీద గుండ్లలా దొర్లి ఎటో మాయమయ్యాయి. మేము చప్పట్లు కొడితే ఆయన నవ్వలేదు. ఒలికించకూడదు అన్నారు, తనతో తను చెప్పుకున్నట్టు.

చీకటి పడగానే మబ్బు కమ్మింది. మా ముఖాలు చిన్నబోయాయి. అంత దూరం వచ్చి ఒక్క చుక్క చూడకుండా పోవాలా అని ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం షట్టర్ మూసి వరసగా ఫ్రేములు తీయడం మొదలుపెట్టారు. ముందు సున్నా సెకన్లవి, వాటిని బయాస్ అంటారు. తర్వాత పొడుగువి. ప్రతిదానికీ లాగ్ పుస్తకంలో టైమూ, ఉష్ణోగ్రతా రాశారు, ఆకాశం బాగున్న రాత్రి ఎలా రాస్తారో అంతే శ్రద్ధగా. ఎవరూ చూడని ఫోటోలకి ఎందుకంత శ్రమ అని నా పక్కనున్న అమ్మాయి గొణిగింది. ఆయనకి వినబడిందేమో, పిలిచి తెరమీద ఒక డార్కుని, అందులోని మసక వెలుగుని బాగా పెంచి చూపించారు. నల్లగా ఉంటుందనుకున్నది నల్లగా లేదు. నిలువునా ఒక చార, ఒక పక్క మెల్లగా పెరుగుతున్న వెలుగు, అక్కడక్కడా వేడి పిక్సెళ్లు. మధ్యలో గీసినట్టు ఒక సన్నటి తెల్ల గీత. అదేంటి అంటే కాస్మిక్ కిరణం అన్నారు, తమిళం కలిసిన ఇంగ్లీషులో. షట్టర్ దాన్ని ఆపలేదట. పైనుంచి వచ్చి, కప్పు దాటి, కెమెరా మూత దాటి సెన్సర్‌లోంచి వెళ్లిపోయింది. ఆ రాత్రి పైనుంచి వచ్చింది నేను చూసింది అదొక్కటే. ఆయన పేరు కూడా అడగలేదు మేము.

ఇంతవరకూ రాసి, పైనుంచి చదువుకున్నాను. పిల్లాడి మీద మరీ ఎక్కువ కోప్పడినట్టున్నాను.

నిజం చెప్పాలంటే వాడి వాదనలో సగం న్యాయం ఉంది. కావలూరు కెమెరా వేరు, ఇది వేరు. నాది దానిలా సీసీడీ అనే పాత రకం సెన్సర్ కాదు, సీమాస్ అనే కొత్త రకం. ఈ సెన్సర్‌లో పాతవాటిలా మూలన వెలుగు పొంగదు. ఫ్రేముకి ఫ్రేముకి మధ్య టెలిస్కోపుని కొన్ని పిక్సెళ్లు పక్కకి జరిపితే, కలిపేటప్పుడు వేడి పిక్సెళ్లు వాటంతటవే రాలిపోతాయి. అందమైన ఫోటో చాలనుకునేవాళ్లు చాలామంది డార్కులు మానేశారు, వాళ్ల ఫోటోలేం పాడైపోలేదు. పైగా ఆ ఫోటో చూసి అత్తయ్య కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూశారు. ఇన్నేళ్లలో నా ఫోటో ఏదీ ఆవిడ రెండోసారి అడిగి చూడలేదు. నా గింజలు గింజల నల్ల ఫోటో చూపిస్తే "బాగుందమ్మా" అని ఫోను తిరిగి ఇచ్చేవారు. ఆ పని వాడి ఫోటో చేసింది, ఒప్పుకోవాలి.

అయినా లేని చుక్కని పెట్టడం మాత్రం మింగుడు పడటం లేదు. రంగు పెంచుకో, నునుపు చేసుకో. ఆకాశంలో లేనిదాన్ని పెట్టి, ఉన్నదాన్ని తీసేసి, కింద 'తీసింది' అని రాస్తే ఎలా? వెలుగు కొలిచే పనికి అయితే ఆ యాప్ గడప కూడా తొక్కకూడదు. నా చుక్క గంటలో ఎంత పెరిగిందన్నది ఆ గింజల్లోనే ఉంటుంది. ఫ్లాట్లు, అంటే అంతటా ఒకే తీరుగా ఉన్న వెలుగుని తీసే ఫోటోలు, తీయడం కూడా అందుకే. సాయంత్రం వెలుగులో టెలిస్కోపు మూతికి మామయ్య పాత పంచె ముడతల్లేకుండా రెండు మడతలేసి బిగించి, సెన్సర్ వెలుగుతో సగం నిండేలా తీస్తాను. సెన్సర్ ముందున్న గాజు మీద దుమ్ము వలయాల్లా కనబడుతుంది. ఆ వలయం కింద పడ్డ చుక్క నిజంగా మసకా, దుమ్ము వల్ల మసకా అన్నది ఫ్లాట్ ఉంటేనే తేలుతుంది.

ఈ రాత్రి మాత్రం చక్కగా జరిగింది. ఒమేగా సెంటారి మనకి దక్షిణాన 28 డిగ్రీలకు మించి ఎక్కదు, పన్నెండుకి అటూ ఇటూ ఉన్న సమయమే మంచిది. పదకొండు నుంచి పన్నెండున్నర లోపు నా చుక్క అర మాగ్నిట్యూడ్‌కి పైగా పెరిగింది! గ్రాఫులో చుక్కలు ఒక్కొక్కటే పైకెక్కుతుంటే వాడు నా పక్కనే నిలబడి చూశాడు. ఫోను తీయలేదు. "ఇదేనా పిన్నీ యాప్ తుడిచేసింది?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను.

ఆడపడుచుకి ఇప్పుడే రాశాను. మిద్దె మీద నుంచే తీశాను, రంగులు అబ్బాయి వేశాడు, కుడి మూలన ఉన్న నీలం చుక్కని నమ్మకు అని. అసలు ఫ్రేము కూడా జతచేశాను, గింజలతోనే. గ్రూపులోంచి పాతది తీయమని వాడికి చెప్పను, అత్తయ్య మళ్లీ చూడాలంటున్నారు.

ఇది రాస్తుండగానే కింద గదిలోంచి వాడి మెసేజ్. "పిన్నీ, వేసవిలో మైనస్ 10 డార్కులు కావాలంటే కెమెరాని ఫ్రిజ్‌లో పెట్టి తీయొచ్చా?" తీయొచ్చు. లోపల చల్లగా ఉంటుంది కాబట్టి కూలర్ సునాయాసంగా దిగుతుంది, తలుపు వేస్తే చీకటి. తడితోనే వస్తుంది చిక్కు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. జిప్ కవర్లో సిలికా జెల్ వేసి, గాలి తీసి కట్టాలి, తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. రేపు మధ్యాహ్నం కింద అర ఖాళీ చేయమని అత్తయ్యని వాణ్నే అడగమన్నాను, పెరుగు గిన్నె ఎక్కడ పెట్టాలో ఆవిడే చెప్పాలి.