పుస్తకం దొరకడం ఇప్పుడు తేలికే

న్యూజెర్సీలో ఒక మిడిల్ స్కూల్ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే చాలు, "అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదే, నీ ఉద్యోగం ఉంటుందా?" అని పెద్దమ్మ అడుగుతుంది. ఆమె టెన్షన్‌లో అర్థముంది. 2023లో హ్యూస్టన్‌లో ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ను టెక్సస్ రాష్ట్రం తన చేతుల్లోకి తీసుకున్నాక, 28 స్కూళ్లలో లైబ్రేరియన్ ఉద్యోగాలు తీసేశారు. ఆ వార్త చదివి మేమంతా చాలా బాధపడ్డాం.

పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని బాగా తగ్గిన మాట నిజం. డెస్టినీ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో పేరు కొడితే పుస్తకం ఏ అరలో ఉందో, ఎప్పుడు తిరిగొస్తుందో తెలిసిపోతుంది. సోరా యాప్‌లో పిల్లలు రాత్రి పదింటికైనా ఈబుక్ తీసుకుంటారు, గడువు తీరగానే అది దానంతటదే వెనక్కి వెళ్లిపోతుంది.

అలా మిగిలిన టైమ్‌ను క్రోమ్‌బుక్‌లు, అంటే పిల్లలకు స్కూలు ఇచ్చే చిన్న ల్యాప్‌టాప్‌లు, తినేస్తున్నాయి. కోవిడ్ తర్వాత మా దగ్గర ప్రతి పిల్లవాడికీ ఒకటి ఇచ్చారు. పొద్దున్నే నా టేబుల్ ముందు లైను కడతారు. ఒకరిది స్క్రీన్ పగిలింది, ఇంకొకరిది ఛార్జింగ్ ఎక్కదు, మరొకరికి కీ ఊడొచ్చింది. అది తీసుకుని వేరేది ఇవ్వాలి, నంబరు ఎక్కించాలి, రిపేరుకు పంపాలి. ఈ పని మా మీద పెట్టడం నాకు నచ్చదు. ఆ గంటలు పిల్లల పక్కన కూర్చోవాల్సినవి.

మొన్న ఏడో క్లాసు అబ్బాయి మా రాష్ట్రంలోని పాసాయిక్ నది కాలుష్యం మీద ప్రాజెక్ట్ చేస్తూ, "మిస్, ఈ పుస్తకం మన దగ్గరుందా?" అన్నాడు. చాట్‌బాట్ ఇచ్చిన లిస్టులోది. రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఉన్నాయి. మా కేటలాగ్‌లో లేదు. ప్రపంచంలోని ఎన్నో లైబ్రరీల పుస్తకాలు కలిపి చూపే వరల్డ్‌క్యాట్‌లో వెతికాం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికాం, ఎక్కడా లేదు. "మరి పేజీ నంబరు కూడా ఇచ్చిందిగా?" అన్నాడు. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి అది రాస్తుందని, అందుకే లేని పుస్తకాన్ని కూడా ఉన్నట్టే రాయగలదని చెప్పాను. తర్వాత ఇద్దరం పర్యావరణ సంస్థ ఈపీఏ పేజీ తెరిచాం. వియత్నాం యుద్ధంలో చెట్ల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనాన్ని నెవార్క్‌లో తయారుచేసిన డైమండ్ ఆల్కలీ ఫ్యాక్టరీ, దాన్నుంచి నదిలోకి చేరిన డయాక్సిన్ అనే విషం గురించి అందులో ఉంది. అదే విషయం ఇంకెవరు రాశారు, వాళ్లకు డబ్బు ఎవరిస్తున్నారు అని పక్కన మరో ట్యాబ్ తెరిచి చూడమన్నాను. పీరియడ్ మొత్తం దానికే పట్టింది.

ఏ సమాచారాన్ని ఎలా నమ్మాలో కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో క్లాసు దాకా నేర్పాలని 2023 జనవరిలో మా రాష్ట్రం చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం ఇదేనని అప్పుడు గవర్నర్ కార్యాలయం ప్రకటించింది. కానీ పాఠం చెప్పమన్న ఆ చట్టం, ప్రతి స్కూల్లోనూ లైబ్రేరియన్ ఉండాలని మాత్రం అనలేదు.

టెక్నాలజీ వల్ల నాకు బాగా సంతోషం కలిగిన రోజులూ ఉన్నాయి. కరీంనగర్ నుంచి ఏడాది మధ్యలో వచ్చిన ఒక పాప ఎవరితోనూ మాట్లాడేది కాదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథ తెరిచి ఇస్తే, పక్కనున్న అమ్మాయికి గట్టిగా చదివి వినిపించింది. అదే కథను ఆ అమ్మాయి ఇంగ్లీషులో చదివింది.

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి చుట్టుపక్కల మనవాళ్లు మ్యాథ్స్, రోబోటిక్స్ గురించి స్కూలువాళ్లను గట్టిగానే అడుగుతారు. వసంతకాలంలో స్కూల్ బోర్డు బడ్జెట్ మీటింగ్ పెట్టినప్పుడు, మా పిల్లల స్కూల్లో లైబ్రేరియన్ ఉన్నారా, ఆవిడకు పాఠం చెప్పే పీరియడ్లు ఎన్ని ఇచ్చారు అని కూడా అడగండి.