నవ్వించే పాత్రకు సరైన మనిషి

హాయిగా సాగిపోయే సినిమాలలో కథ ఎటు వెళుతుందో మొదటి అరగంటలోనే మనకు తెలిసిపోతుంది. అపార్థాలు తొలగిపోతాయనీ, పెళ్లి జరిగి తీరుతుందనీ తెలిసి కూడా వాటిని మళ్లీ మళ్లీ చూస్తామంటే, ఆయా పాత్రలకు ఎవరిని ఎంచుకున్నారు, వారు ఆ పాత్రను ఎంత నమ్మి చేశారు అన్నదే అందుకు కారణమని నేను గట్టిగా నమ్ముతాను. తాను నవ్విస్తున్నానన్న సంగతి తెలియనట్టు నటించేవారే నన్ను ఎక్కువగా నవ్వించారు.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో మేరీ పాత్రకు మొదట భానుమతిని తీసుకున్నారు. తర్వాత ఆ పాత్ర సావిత్రికి వచ్చింది, సావిత్రి వేయవలసిన పాత్ర జమునకు దక్కింది. భానుమతి మేరీగా నటించివుంటే ఆ కోపంలో సహజంగానే ఒక అధికారం ధ్వనించేది. సావిత్రి కోపంలో మాత్రం చిరాకు, ఆ చిరాకు వెనుక అప్పు తీర్చాలన్న దిగులు, ముక్కూమొహం తెలియని మనిషికి భార్యగా నటించవలసి వచ్చిందన్న అవమానం కనిపిస్తాయి. అందుకే ఆమె విసుక్కున్న ప్రతిసారీ మనకు నవ్వు వస్తుంది కానీ ఆమె మీద చులకన భావం కలగదు. అదే చిత్రంలో, అంతకు రెండేళ్ల ముందే ‘దేవదాసు’గా ప్రేక్షకులను ఏడిపించిన అక్కినేని, తనను తాను గొప్ప డిటెక్టివ్‌గా భావించుకునే యువకుడిగా కనిపిస్తారు. ఆ కుర్రవాడికి తన తెలివి మీద రవ్వంత అనుమానం కూడా లేదన్నట్టు ఆయన చేసిన నటనలోనే హాస్యమంతా ఉంది.

ఎంపికలోని అందం గురించి తలచుకున్నప్పుడల్లా నా మనసు 1957 నాటి ‘మాయాబజార్’ దగ్గర ఆగిపోతుంది. అందులో ఘటోత్కచుడి పాత్రను ఒక విధంగా ఇద్దరు పంచుకున్నారు. ఎస్వీ రంగారావు భారీ విగ్రహాన్నీ, ఆ నవ్వునూ, ఆ ఠీవినీ మనం ముందే చూసి ఉంటాం కాబట్టి, అతడు శశిరేఖ రూపం దాల్చాక ఆ బరువంతా సావిత్రి తన సన్నని శరీరంలో చూపవలసి వచ్చింది. ఆమె రంగారావును అనుకరించి ఊరుకోలేదు. ఆడపిల్లలా ఉండాలని ప్రయత్నిస్తూ మరిచిపోతున్న ఘటోత్కచుడిని చూపించారు. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు వినిపించేటప్పుడు ఆమె కళ్లను, భుజాలను గమనించండి. సిగ్గులొలికే మనిషి ఒక్కసారిగా మీసం మెలేసే వీరుడైపోయి, వెంటనే తమాయించుకుంటుంది. పెళ్లి ఘట్టంలో ఆమె తన కాలు తొక్కినప్పుడు లక్ష్మణకుమారుడైన రేలంగి ముఖంలో కనిపించే భయం కూడా అంతే నిజమైనది. ఆయన ఆ భయాన్ని నమ్మకపోతే ఆమె చేసినదంతా వృథా అయ్యేది.

జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావును పిసినారి లక్ష్మీపతిగా ఎంచుకోవడం కూడా అటువంటి సాహసమే. ‘ప్రతిఘటన’లో భయపెట్టిన మనిషిని, అది వచ్చిన రెండేళ్లకే, వేలాడదీసిన కోడిని చూస్తూ వట్టి అన్నం తినే మనిషిగా ఊహించగలగడం సామాన్యం కాదు. కోట ఆ సన్నివేశాన్ని ఎంత తృప్తిగా చేస్తారంటే, కూర నిజంగానే విస్తరిలో ఉందని మనమూ ఒక క్షణం నమ్ముతాం. పక్కన అరగుండుగా బ్రహ్మానందం పడే అవస్థకు విలువ వచ్చింది కూడా లక్ష్మీపతి తన పద్ధతిని పరమ ధర్మంగా పాటించడం వల్లనే. నటుడే ముందు నవ్వేసి, నేపథ్య సంగీతం కూడా ఇక్కడ నవ్వాలని గుర్తుచేసే సన్నివేశాలు నన్ను ఎన్నడూ కదిలించలేదు.

ఈ మధ్య వచ్చిన వాటిలో ‘పెళ్ళి చూపులు’ (2016) ఎంపిక నాకు చాలా నచ్చింది. ప్రియదర్శి మాటలకు అందరూ నవ్వారు, ఆ మెప్పు ఆయనకు దక్కవలసిందే. అయితే నేను అంతకంటే ఎక్కువగా రీతూ వర్మను చూస్తూ ఉండిపోయాను. చుట్టూ ఉన్నవారంతా బద్ధకంగా, తేలికగా తిరుగుతుంటే, పనిని పనిగా చూసే చిత్ర అనే అమ్మాయి పాత్రలో ఆమె ఎక్కడా తొణకలేదు. ఆమె స్థిరంగా నిలబడినందువల్లనే మిగిలినవారి అల్లరి అల్లరిగా కనిపించింది, విజయ్ దేవరకొండ వేసిన ప్రశాంత్ పాత్రలోని నిర్లక్ష్యం మనకు ముద్దుగా తోచింది. హాస్య చిత్రంలో నవ్వించే అవకాశం తక్కువగా ఉన్న ఇటువంటి పాత్రకు ఎవరు సరిపోతారో తేల్చడమే దర్శకుడికి అన్నిటికంటే కష్టమని నాకు అనిపిస్తుంది, అందుకే అటువంటి చిత్రాల గురించి మిత్రులతో మాట్లాడేటప్పుడు నేను మొదట ఆ పాత్ర వేసినవారి పేరే ఎత్తుతాను.